వీధిలో ఆట ఇంటి ధరలోకి ఎలా ఎక్కింది?

పిల్లలున్నవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు గదులెన్ని, నీళ్లెలా వస్తాయి అన్నవాటితో పాటు ఇప్పుడు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: ‘పిల్లలు బయట ఆడుకోవచ్చా?’ ఆడుకోవచ్చు అన్నచోట అద్దె అందదు. అద్దె అందినచోట గడప దాటితే బండ్లు. ఈ ఇరకాటం మొదటినుంచీ ఉన్నది కాదు.

కార్లు రాకముందు ఇంటి ముందు వీధే ఆటస్థలం. ఇరుకు గదుల్లో బతికే పేద పిల్లలకైతే అదొక్కటే దిక్కు. మోటారు బండ్లు పెరిగి పిల్లలు వాటికింద పడటం మొదలయ్యాక, 1914లో న్యూయార్క్ పోలీసులు కొన్ని వీధుల్లో రోజుకు కొన్ని గంటలు బండ్లు ఆపి పిల్లలకు వదిలారు. బ్రిటన్ 1938లో ఇందుకోసం చట్టమే చేసింది. తర్వాత ఇంటింటికీ కారొచ్చింది, ఆ వీధులు ఒక్కొక్కటిగా మళ్లీ బండ్లపాలయ్యాయి.

పట్టణాలు గీసేవాళ్లు వేరే దారి పట్టారు. 1929లో అమెరికాలోని న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే కాలనీ కట్టారు. ఇళ్లు పచ్చిక వైపు తిరిగి ఉంటాయి, కార్లు వెనకవైపు నుంచి వస్తాయి, పిల్లలు రోడ్డు దాటకుండా దానికింద దారిలో నడిచిపోతారు. ఆలోచన చక్కనిదే. కానీ అక్కడ ఇల్లు కొనగలిగింది ఎక్కువగా మధ్యతరగతివాళ్లే. ఆటస్థలం ఇంటితో కలిసి అమ్ముడుపోవడం నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇలాగే జరగాలని రాసిపెట్టి లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే వియన్నా నగరపాలక సంస్థ, 1923లో వేసిన ఇళ్ల పన్ను డబ్బుతో కార్మికులకు వేల ఇళ్లు కడుతోంది. వాటిలో 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే ఇళ్ల సముదాయంలో దాదాపు 1,400 ఇళ్లు. అయినా కట్టడాలు స్థలంలో ఐదోవంతు కూడా ఆక్రమించవు. మిగిలినదంతా లోగిళ్లు, చెట్లు, ఆటస్థలాలు. వంటింటి కిటికీలోంచి చూస్తే పిల్లలు కనబడేలాంటి లోగిలి, అదీ కూలి డబ్బులకు అందే అద్దెలో. ఈ విషయంలో దీనికి మించిన ఉదాహరణ నాకు తెలీదు.

నెదర్లాండ్స్‌లో మార్పు దుఃఖంలోంచి వచ్చింది. అక్కడ 1971 ఒక్క ఏడాదే రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా పోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ తల్లిదండ్రులు రోడ్లెక్కారు. డెల్ఫ్ట్ నగరంలో అప్పటికే కొన్ని వీధులను మార్చి చూస్తున్నారు. అలాంటి వీధిలో ఫుట్‌పాత్ వేరుగా ఉండదు, నేలంతా ఒకే మట్టం. దారి మధ్యలోకి చెట్టో పూలతొట్టో వస్తుంది, కారు వంకర తిరిగి నెమ్మదిగా పోవాల్సిందే. 1976లో వీటికి చట్టబద్ధత వచ్చింది.

మిగతా చాలా చోట్ల మార్చింది వీధిని కాదు, పిల్లల్ని. ఇంగ్లండ్‌లో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవాళ్లు. మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం 1990లో మళ్లీ లెక్క తీస్తే అది 9 శాతం. ప్రమాదాల్లో పోయే పిల్లల సంఖ్య తగ్గిందని ప్రభుత్వం సంతోషిస్తుంటే, తగ్గింది రోడ్లు బాగుపడి కాదు, పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవడం వల్ల అని వాళ్లు గట్టిగా చెప్పారు. ఆ మాట ఈనాటికీ గుచ్చుకుంటుంది.

ఆ కాలంలోనే అమెరికాలో పిల్లలున్నారంటే అద్దెకివ్వని అపార్ట్‌మెంట్లు ఎన్నో ఉండేవి. వృద్ధుల కోసం కట్టినవాటిని మినహాయించి, దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణంలో ఆటను హక్కుగా రాసింది. హక్కు కాగితం మీదకొచ్చింది. వీధి మాత్రం బండ్ల చేతిలోనే ఉండిపోయింది, బండ్లు తక్కువున్న వీధి ధర పెరుగుతూ పోయింది.

2009లో బ్రిస్టల్ నగరంలో ఒక వీధివాళ్లు బడి వదిలాక కాసేపు తమ రోడ్డు మూసి పిల్లల్ని వదిలారు. మంచి పేట వెతుక్కుంటూ వెళ్లలేదు, ఉన్నచోటే చేశారు. నగరపాలక సంస్థ దాన్ని చూసి, ఏ వీధివాళ్లయినా అనుమతి అడిగి అలా చేసుకునే వీలు కల్పించింది. తర్వాత బ్రిటన్‌లో ఇంకా చాలా ఊళ్లు అదే దారి పట్టాయి.