గుడ్ల మీద కూర్చున్న పెట్ట, చుట్టూ ఈగలు

చిరంజీవులు బుజ్జికి, చిన్నూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నూ అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. మీ ఇంటి వెనక అడవిలో తిరిగే టర్కీ కోళ్లకు తల మీద ఈకలుండవు కదా, మరి దోమలు కుట్టవా అన్నాడు. కుడతాయి నాన్నా. ఈకలు లేని ఆ తల, మెడ, కాళ్లే వాటికి దొరికే చోటు. అలా కుడితే కోళ్లు తగ్గిపోతాయా అని బుజ్జి అడుగుతుండగానే లైన్ కట్ అయింది. మిగతాది రాస్తున్నాను.

అమెరికాలో మీ ఆర్కన్సా రాష్ట్రంలో టర్కీలు గుడ్లు పెట్టేది వసంతంలో. పారే నీళ్లలో పుట్టే బఫెలో నాట్స్ అనే చిన్న నల్ల ఈగలు లేచేదీ అప్పుడే. దోమ గుచ్చి పీలుస్తుంది. ఈ ఈగ చర్మాన్ని కోసి, ఊరిన రక్తం తాగుతుంది. పెట్ట ఏమో చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద, పొద చాటున, పది పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. మేతకు కాసేపు లేస్తుంది, అంతే.

సంక్రాంతికి మీ నానమ్మ అరిసెల పాకం పట్టడం చూశారుగా? పొయ్యి దగ్గర్నుంచి కదలదు. కాళ్ల మీద ఒకటి రెండు దోమలు వాలినా ఓర్చుకుంటుంది. అదే గుంపుగా ముసిరితే? గరిటె పక్కన పెట్టి లేవాల్సిందే, పాకం ముదిరిపోవాల్సిందే. పెట్ట లేచి చాలాసేపు రాకపోతే గుడ్లు చల్లారిపోతాయి. మొదట్లోనే పాడైతే నానమ్మ ఇంకో అచ్చు బెల్లం వేసి మళ్లీ మొదలుపెడుతుంది. టర్కీ పెట్ట కూడా ఒక్కోసారి ఇంకో గూడు చేసుకుని మళ్లీ గుడ్లు పెడుతుంది. కానీ పండగ దాటిపోయాక పాకం పట్టి ఏం లాభం? ఎండలు ముదిరాక మళ్లీ పెట్టేందుకు దానికి కాలం మిగలదు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో నెసీడా అనే అభయారణ్యం ఉంది. అక్కడ హూపింగ్ క్రేన్ అనే అరుదైన తెల్ల కొంగలు నల్ల ఈగల బాధ పడలేక గుడ్లు వదిలేసి లేచిపోయేవి. 2011, 2012ల్లో నీళ్లలో ఉండే ఆ ఈగల పిల్ల పురుగుల్ని చంపే ఒక బాక్టీరియాను నదిలో కలిపారు. ఈగలు తగ్గాయి, గూళ్లు వదిలేయడమూ తగ్గింది.

మా చిన్నప్పుడు అమ్మ కోడిని పొదిగేసేటప్పుడు గంపలో ముందు బూడిద, వేపాకు వేసి, దాని మీద గడ్డి పరిచేది. కోడిపేలు పడితే కోడి గుడ్ల మీద నిలవదని ఆమెకు తెలుసు. వానలు పడ్డాక దోమలు పెరిగేవి. కోడిపిల్లల కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఉలిపిర్లు లేచేవి. అమ్మవారు పోసిందనేవాళ్లు. ఒక నల్ల పిల్లకు రెండు కళ్లూ మూసుకుపోయాయి. ముందే నూకలున్నా కనపడక పొడవలేకపోయేది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని ముక్కు తెరిచి తినిపించేవాణ్ణి. అడవి టర్కీలకూ ఇలాంటి జబ్బే వస్తుంది. ఎక్కువగా దోమే దాన్ని ఒక పక్షి నుంచి ఇంకో పక్షికి మోసుకెళుతుంది. మనుషులకు రాదు, భయపడకండి. చాలా పక్షులు తేరుకుంటాయి. కళ్లు, నోరు మూసుకుపోయిన వాటికే కష్టం, అడవిలో తినిపించేవాళ్లెవరు?

ఇక వేటగాళ్ల సంగతి. వసంతంలో పుంజుల్నే వేటాడతారు. చెట్టుకు ఆనుకుని కూర్చుని, పెట్ట పిలిచినట్టు శబ్దం చేస్తారు. పుంజు చూపు చాలా చురుకు. దోమను కొట్టడానికి చెయ్యెత్తితే చాలు, అది మాయం. అందుకే ముఖానికి వల, చేతులకు గ్లవ్స్ వేసుకుంటారు. వేటగాడికీ అది పాకం పొయ్యే మరి, లేవకూడదు.

మరి ఈ ఈగలన్నిటినీ చంపేస్తే పోదా అంటారేమో. వద్దు. టర్కీలు తగ్గడానికి అడవులు పోవడం, పిల్లలు పుట్టే సమయంలో చలివానలు, గుడ్లు తినే రకూన్లు అనే చిన్న జంతువులు, పాములు అంతకంటే పెద్ద కారణాలు. పైగా గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదటి వారాల్లో బతికేది ఎక్కువగా పురుగులు తినే. ఇంకొకటి చెప్పనా? కుట్టేది ఆడ ఈగే. అది కూడా గుడ్లు పెట్టడానికే రక్తం వెతుక్కుంటోంది. పెట్టా తల్లే, ఈగా తల్లే. ఇన్నేళ్లు వచ్చినా ఇది తలుచుకుంటే నాకు ఆశ్చర్యమే.

ఈ ఆదివారం నాన్నను తీసుకుని దగ్గర్లో పారే వాగుకు వెళ్లండి. నీళ్లు జోరుగా పోయేచోట ఒక రాయి మెల్లగా ఎత్తి చూడండి. తోక వైపు రాయికి అతుక్కుని, తల దగ్గరి కుచ్చుల్ని నీళ్లలోకి చాచిన సన్నటి పురుగులు ఉండొచ్చు. అవే ఈ ఈగల పిల్లలు. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయండి. బుజ్జీ, నువ్వు బొమ్మ గీసి పంపు. చిన్నూ, నిలిచిన నీళ్లలో కూడా అవి ఉన్నాయేమో నువ్వు చూసి నాకు చెప్పాలి.

మీ తాతయ్య