కాలేయంలో కొవ్వు, కంచంలో అన్నం

1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు నగరంలో తిండికి కటకట ఏర్పడింది. ఆ ఆకలి నెలల్లో ఫ్రెంచి వైద్యుడు అపోలినేర్ బూషార్దా, తన మధుమేహ రోగుల్లో కొందరి మూత్రంలో చక్కెర కనిపించకుండా పోవడం గమనించారు. తిండి తగ్గితే జబ్బు వెనక్కి తగ్గుతోందన్న ఈ సంగతికి కారణమేమిటో తెలియడానికి మరో శతాబ్దానికి పైగా పట్టింది. ఈలోగా 1922లో టొరంటోలో ఒక పద్నాలుగేళ్ళ బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాలు నశించే మొదటి రకం మధుమేహంలో అది ప్రాణదాత అయింది, నేటికీ దానికి ప్రత్యామ్నాయం లేదు. రెండో రకాన్ని మాత్రం ఏటికేడు ముదరడమే తప్ప వెనుదిరగని జబ్బుగా, మాత్రలతో మొదలై చివరికి ఇన్సులిన్ సూదికి చేరే దారిగా వైద్య విద్యార్థులకు చాలాకాలం బోధించారు.

ఈ అభిప్రాయాన్ని కదిలించినవారిలో ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాయ్ టేలర్ ముఖ్యులు. ఊబకాయానికి జీర్ణాశయ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో, బరువు పెద్దగా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే రక్తంలో చక్కెర మామూలు స్థాయికి వస్తుండేది. పేగుల్లో పుట్టే హార్మోన్లే దీనికి కారణమని చాలామంది భావించగా, ఆ రోజుల్లో రోగి దాదాపు ఏమీ తినడు కదా, అదే కారణం కావచ్చునని టేలర్ ఆలోచించారు. ఆయన 2008లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఏళ్ళ తరబడి అవసరానికి మించి తిన్నప్పుడు కాలేయం ఆ మిగులును కొవ్వుగా మార్చి తనలోనే నింపుకుంటుంది. కొవ్వు పేరుకున్న కాలేయం ఇన్సులిన్ మాట వినదు కాబట్టి రాత్రంతా గ్లూకోజును తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పరగడుపు పరీక్షలో అంకె ఎక్కువగా వస్తుంది. అదే కాలేయం నుంచి రక్తంలోకి చేరిన కొవ్వు క్లోమంలోనూ తిష్ఠవేసి, బీటా కణాలను మందగింపజేస్తుంది.

2011లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో పదకొండుమందికి ఎనిమిది వారాలపాటు రోజుకు సుమారు 600 కేలరీల ఆహారం ఇచ్చారు. మొదటి వారంలోనే కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలై, పరగడుపు చక్కెర సగటున 166 మిల్లీగ్రాముల నుంచి 106కు దిగింది. క్లోమం నెమ్మదిగా కోలుకుంది. భోజనం చేయగానే ఇన్సులిన్ విడుదల చేసే తొలి స్పందన ఎనిమిదో వారానికి తిరిగి వచ్చింది. ఆ తర్వాత టేలర్, గ్లాస్గోకు చెందిన మైక్ లీన్ బృందం మామూలు ప్రాథమిక వైద్యశాలల్లో 'డైరెక్ట్' అనే పెద్ద పరిశోధన చేసింది. జబ్బు వచ్చి ఆరేళ్ళు దాటనివారిని, ఇన్సులిన్ వాడనివారిని ఎంచుకుని, మొదటి రోజే చక్కెర మందులు ఆపించి, మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందిలో మందులు లేకుండానే జబ్బు ఉపశమించింది, సాధారణ చికిత్స పొందినవారిలో ఇది 4 శాతమే. పదిహేను కిలోలు, అంతకు పైగా తగ్గినవారిలో ఉపశమనం 86 శాతానికి చేరింది. రెండో ఏటికి మొత్తం మీద 36 శాతమే మిగిలారు, ఎందుకంటే బరువు తిరిగి వచ్చినచోట చక్కెరా తిరిగి వచ్చింది.

మనవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు: "నేను లావుగా లేనే, నాకెందుకు వచ్చింది?" పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫొటోనే ప్రచురించి దీనికి జవాబిచ్చారు. ఎత్తు బరువుల సూచిక (బీఎంఐ) ఇద్దరిదీ 22.3, కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9 శాతమైతే యాజ్ఞిక్‌కు 21 శాతం. ఎంత కొవ్వు దాటితే జబ్బు వస్తుందన్న హద్దు ఒక్కొక్కరి శరీరానికి ఒక్కోలా ఉంటుంది. సన్నగా ఉన్నవారు కూడా బరువులో పదోవంతు తగ్గించుకుంటే చాలామందిలో ఉపశమనం సాధ్యమని టేలర్ బృందం 2023లో చూపింది.

తెలుగునాట చర్చంతా ఏం తినాలన్న దాని చుట్టూ తిరుగుతోంది కాని, ఎంత తినాలన్న ప్రశ్న వెనకబడిపోయింది. అన్నం మానేసి కొర్రలు మొదలుపెట్టడం మంచిదే, పీచు ఉంటుంది. అయితే రెండు కప్పుల అన్నం స్థానంలో రెండు కప్పుల కొర్రన్నం వడ్డించుకుంటే కాలేయానికి పెద్ద తేడా తెలియదు. మెత్తగా ఆడించిన పిండితో కాచిన రాగిజావ కూడా త్వరగానే అరిగి చక్కెరను పెంచుతుంది. కంచంలో సగం కూరలు, పావువంతు పప్పు, గుడ్డు లేదా చేప, మిగిలిన పావువంతులోనే అన్నమో రొట్టెలో ఉంచడం, సాయంత్రపు బిస్కట్లనూ చక్కెర వేసిన టీనీ తగ్గించడం నాకు ఆచరణలో నిలబడే పద్ధతిగా కనిపిస్తుంది.

ఇన్సులిన్ వాడుతున్నవారు ఇది చదివి సూది మానేయకూడదు. కొందరిలో బీటా కణాల సామర్థ్యం మరీ క్షీణించి ఉంటుంది, కొందరిది అసలు మొదటి రకమే అయి ఉండవచ్చు. అలాంటివారు ఇన్సులిన్ ఆపితే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు అలాగే వేసుకుంటూ తిండి మాత్రం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. కాబట్టి మోతాదును వైద్యుడు తగ్గిస్తూ వస్తుండగా ఆహారం తగ్గించాలి. ఉపశమనం కలిగినా ఏటా కళ్ళు, మూత్రపిండాలు, పాదాల పరీక్షలతో పాటు మూడు నెలల సగటు చక్కెర పరీక్ష కొనసాగాల్సిందే; ఆ సగటు మందులు ఆపి మూడు నెలలయ్యాక కూడా 6.5 శాతం లోపు ఉంటేనే వైద్యులు దాన్ని ఉపశమనంగా పరిగణిస్తారు.