ఆ నవలలు చదువుతున్న పిల్లలకు

నల్లగొండ

పిల్లలూ,

మొన్న లైబ్రరీలో మీలో ఒకమ్మాయి అడిగింది, "ఈ ప్రేమలు, చావులు ఉన్న నవలలు చదివితే మనసు పాడవుతుందని మా నాయన అంటున్నాడు, నిజమేనా టీచర్?" అని. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఈ ఉత్తరం.

చదవండి. మీ వయసు వాళ్ల ప్రేమ, దుఃఖం, మనసు జబ్బుల గురించి రాసిన నవలలు తప్పకుండా చదవండి. మన ఇళ్లలో వాటికి చోటు చాలా తక్కువ.

ఎట్లా అంటారా? మన దగ్గర మనిషి పోతే ఏం చేయాలో అందరికీ తెలుసు. మూడో దినం పిట్టకు పెడతారు. కాకి ముడుతుందా లేదా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. కొడుక్కు ఒక పని, అల్లుడికి ఒక పని, మేనమామకు ఒక పని. ఆ పనుల్లో పడి ఏడవడానికీ వీలుంటుంది, కాసేపు మరిచిపోవడానికీ వీలుంటుంది. మరి ఇంటర్ చదివే పిల్లాడు హైవే మీద బండి ప్రమాదంలో పోయాడనుకోండి. వాడి పక్క బెంచీ దోస్తుకు ఏ పని చెప్తారు? వాడిని ఎవరికీ తెలియకుండా ఇష్టపడిన అమ్మాయి ఏ దినానికి పోతుంది? చౌరస్తాలో ఫ్లెక్సీ మాత్రం కడతారు. హాల్‌టికెట్ ఫోటోను అంత పెద్దగా సాగదీసేసరికి ముఖం అలుక్కుపోయి, కళ్లు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. పైన 'అశ్రునివాళి', కింద వరసగా కట్టించినవాళ్ల ఫోటోలు. ఆ అమ్మాయి రోజూ ఆ ఫ్లెక్సీ పక్కనే బస్సెక్కాలి. ఎవరైనా చూస్తుండగా కళ్లనీళ్లు పెట్టుకుంటే "నీకేమైతడు?" అని అడుగుతారు.

ఆ ప్రశ్న అడగకుండా ఆమె మాట వినేది మంచి నవల. పదకొండో దినం అయిపోయాక, బంధువులు వెళ్లిపోయాక, మూడు నెలల తర్వాత ఫిజిక్స్ క్లాసులో ఉన్నట్టుండి గొంతు ఎందుకు పూడుకుపోతుందో అది చెప్తుంది. దుఃఖం ఒక వరసలో తగ్గుతూ పోదు. తగ్గిందనుకున్నాక మళ్లీ వస్తుంది. ఆ సంగతి మొదటిసారి ఒక పుస్తకంలో చదివి "అయితే నాకొక్కదానికే కాదన్నమాట" అని ఊపిరి పీల్చుకున్న పిల్లల్ని నేను చూశాను.

ఇలాంటి నవలలు చాలామటుకు 'నేను' అంటూ సాగుతాయి, గమనించారా? చెప్పేవాడి బాధ మన బాధ అయిపోతుంది. వాడు చూడనిది మనకూ కనిపించదు. పదహారేళ్ల పిల్లాడు "ఇక నాకెవరూ లేరు" అంటే మనమూ నమ్మేస్తాం. కానీ వాడు తినకుండా పడుకున్న రాత్రి నాయనమ్మ రెండుసార్లు లేచి తలుపు దాకా వచ్చి వెనక్కి పోయి ఉండవచ్చు. అందుకే అప్పుడప్పుడు పుస్తకం మూసి, ఇదే కథ వాడి చెల్లె చెప్తే ఎట్లా ఉండేదో ఊహించుకోండి.

ఇక మీ నాయనల భయం సంగతి. అది పూర్తిగా ఉత్తదని నేను అనను. 1774లో జర్మన్ భాషలో ఒక చిన్న నవల వచ్చింది. ప్రేమ దక్కని కుర్రవాడు చివరికి ప్రాణం తీసుకుంటాడు. యూరప్ కుర్రకారు అతనిలాగే నీలం కోటు, పసుపు బట్టలు వేసుకుని తిరిగారు. కొందరు చావులోనూ అతన్ని అనుకరిస్తారని భయపడి మరుసటి ఏడాది లైప్‌జిగ్ నగరంలో ఆ పుస్తకాన్ని, ఆ వేషాన్ని కూడా నిషేధించారు. రెండు వందల ఏళ్ల తర్వాత వియన్నాలో ఇంకో సంగతి తేలింది. అక్కడి పత్రికలు మెట్రో రైళ్ల దగ్గర జరిగే ఆత్మహత్యల గురించి పెద్ద పెద్ద అక్షరాలతో రాసేవి. 1987లో వాళ్లంతా అలా రాయడం తగ్గించాక ఆ మరణాలు బాగా తగ్గాయి. 2010లో ఆస్ట్రియా పరిశోధకులే మరో మాట చెప్పారు: చావాలనుకుని, ఆగి, దారి వెతుక్కున్న మనిషి గురించి పత్రికల్లో వచ్చినప్పుడు ఆ తర్వాత మరణాలు తగ్గడం కనిపించిందని. దానికి వాళ్లు మోజార్ట్ సంగీత నాటకంలోని పాపగెనో అనే పాత్ర పేరు పెట్టారు. ప్రేమించిన పిల్ల దూరమైందని ప్రాణం తీసుకోబోయిన అతన్ని ఆపేది ముగ్గురు పిల్లలు. నాకు ఈ వివరం చాలా ఇష్టం.

కాబట్టి చావు ఉన్న కథ అనగానే పక్కన పెట్టనక్కర్లేదు. ఆ చావును కథ ఎట్లా చూపిస్తుందో చూడాలి. చనిపోయిన పిల్ల ఉత్తరం చదివి అందరూ కుమిలిపోవడం, ఆమెను పట్టించుకోనివాళ్లు ఇప్పుడు పశ్చాత్తాపపడటం, అదంతా ఆమె ఎక్కడి నుంచో చూస్తున్నట్టు రాయడం నాకు అబద్ధంగా తోస్తుంది. పోయిన మనిషి ఏదీ చూడదు. ఆ ఇంట్లో ఆమె తమ్ముడు బడి మానేయడం, అమ్మ నాలుగేళ్ల దాకా ఏ పెళ్లికీ పోకపోవడం ఆ కథలో ఎందుకు లేవని అడగండి.

ఇంకో మోసం కూడా చాలా నవలల్లో ఉంటుంది. డిప్రెషన్‌తో గది తలుపు వేసుకున్న పిల్లకు ఒక అబ్బాయి పరిచయమవుతాడు, యాభై పేజీల్లో ఆమె నవ్వుతుంది, మందులు మానేస్తుంది. ప్రేమించేవాళ్లు దొరికితే షుగర్ జబ్బు పోదు కదా, ఇదీ అంతే. తోడుంటే డాక్టర్ దగ్గరికి పోవడానికి ధైర్యం వస్తుంది, అది నిజం. మందు గుణం కనిపించడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల గురించి ఓపికగా రాసిన నవల మీకు దొరికితే నాకూ తెచ్చివ్వండి.

పరీక్ష పోతే, దోస్తు మాట్లాడకపోతే బాధపడటం జబ్బు కాదు. కానీ రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా మనసు మునిగిపోయినట్టు ఉండి, ఇష్టమైన ఆటా పాటా కూడా వద్దనిపించి, నిద్ర, తిండి తప్పుతుంటే పెద్దవాళ్లకు చెప్పాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. ఇంట్లో "గాలి సోకింది" అని దర్గాకు తీసుకుపోతామంటే కొట్లాడకండి, పోయి రండి, డాక్టర్ దగ్గరికి కూడా తీసుకుపొమ్మని అడగండి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 నుంచి ప్రభుత్వం నడుపుతోంది. పైసా ఖర్చు లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు.

ఇంట్లో అందరూ వింటుంటే ఆ ఫోన్ ఎట్లా చేయాలని మీకు అనిపించవచ్చు. మా ఇంటికి రండి. నా ఫోనే తీసుకుని వెనక వరండాలో కూర్చోండి. మీరు పిలిచేదాకా నేను అటు రాను.

ఇట్లు,
మీ టీచరమ్మ