జాయ్‌స్టిక్ ముట్టుకోకుండానే కుర్చీ కదిలితే

బ్యాటరీతో నడిచే పవర్ వీల్‌చెయిర్ దానంతటదే కదిలిందని ఎవరైనా అన్నప్పుడల్లా పాత తగువే మళ్లీ మొదలవుతుంది. చెయ్యి తగిలి ఉంటుందని కంపెనీ అంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం అసలు ముట్టుకోలేదంటాడు. రెండో మాటను కొట్టిపారేయడానికి వీల్లేదని తేలింది అమెరికాలో, 1994లో.

అంతకు ముందు కొన్నేళ్లుగా అక్కడ మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏకి ఇలాంటి ఫిర్యాదులే వస్తున్నాయి. కుర్చీలను పరీక్షకు పెట్టి చూస్తే, రేడియో తరంగాలు బలంగా తగిలినప్పుడు బ్రేకు వదిలేయడం, చక్రాలు వాటంతటవే తిరగడం నిజమేనని తెలిసింది. కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ నుంచి, మోటార్లను అదుపు చేసే కంట్రోలర్‌కు వైరులో వెళ్లేది చిన్న వోల్టేజీ సిగ్నల్. పక్కనే పోలీసు వాకీటాకీలో మాట్లాడితే ఆ వైరే యాంటెనా అయిపోతుంది. కంట్రోలర్‌కు తేడా తెలియదు, ఎవరో జాయ్‌స్టిక్ నెట్టారనే అనుకుంటుంది. 5 వాట్ల వాకీటాకీ మీటరు దూరంలో ఉంటే అక్కడి క్షేత్ర తీవ్రత, అంటే తరంగం బలం, మీటరుకు సుమారు 12 వోల్టులు. అర మీటరుకు తెస్తే రెట్టింపు. పైగా తరంగం ఆనవాలేమీ మిగల్చదు. రిపేరుకు తెచ్చేసరికి కుర్చీ బుద్ధిమంతురాలిలా ఉంటుంది, తప్పు మనిషి మీదకు పోతుంది.

1994లో ఎఫ్‌డీఏ తయారీదారుల ముందు రెండు పనులు పెట్టింది. మీటరుకు 20 వోల్టుల దాకా తట్టుకునేలా కుర్చీ చేయడం సాధ్యమేనంటూ, ఏ మోడల్ ఎంత తట్టుకుంటుందో చెప్పమంది. వాడేవాళ్లకు హెచ్చరిక రాయమంది. ఆ 20 వోల్టుల లెక్క తర్వాత వీల్‌చెయిర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7176-21లోకీ ఎక్కింది. కంపెనీలు కుర్చీలను మెరుగుపరచలేదని కాదు. కానీ వివాదం వచ్చినప్పుడు వాళ్లకు అక్కరకొచ్చేది హెచ్చరికే. మాన్యువల్‌లో రాశాం కదా అంటే సరిపోతుంది. అదనపు పరికరాలు బిగిస్తే తట్టుకునే శక్తి తగ్గవచ్చనీ, ఎంత తగ్గుతుందో తెలుసుకునే సులువైన మార్గం లేదనీ అందులోనే ఉంటుంది. తయారుచేసినవాళ్లకే తెలియనిది కూర్చున్నవాళ్లకెలా తెలుస్తుంది?

ఇప్పుడు కుర్చీ చేతిమీదకు ఫోన్ స్టాండు, యూఎస్‌బీ చార్జరు కంపెనీలే అమ్ముతున్నాయి. చాలా మాన్యువళ్లలో పాత వాక్యం మాత్రం అలాగే ఉంది: కుర్చీ ఆన్‌లో ఉండగా సెల్‌ఫోన్ ఆన్ చేయవద్దు.