తాటికల్లు: గీసేవాడి చెవిన పడే అపోహలు, చెట్టు చెప్పే వాస్తవాలు

జనగామ నుంచి వరంగల్ వెళ్లే హైవే పక్కనే మా మండువ, అంటే కల్లు గీసి అమ్మే చోటు. ఒకప్పుడు మా బాపు గీసిన చెట్లనే ఇప్పుడు గీత కార్మికుల సొసైటీ లైసెన్సు మీద నేను గీస్తున్నాను. ఆదివారం వస్తే హైదరాబాద్ కార్లు ఆగుతాయి. తాగేవాళ్లు ఊరికే తాగరు, కల్లు గురించి నాకే పాఠం చెప్పి పోతారు. ఆ పాఠాల్లో మళ్లీ మళ్లీ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కల్లు దానంతట అదే తయారవుతుంది, గీసేవాడు చేసేదేమీ లేదు.

సగం నిజం. ఈస్ట్ పొడి వేయం, చక్కెర వేయం, కాచం. ద్రాక్షతో నేచురల్ వైన్ చేసేవాళ్లు కూడా ఇంతే, కాయ తొక్క మీద, తొట్టిలో ఉన్న ఈస్ట్‌తోనే పులియనిస్తారు. ఇక్కడ ఆ పని చెట్టుకు కట్టే లొట్టి చేస్తుంది. మట్టి కుండ సన్న రంధ్రాల్లో నిన్నటి ఈస్ట్, బ్యాక్టీరియా దాక్కుని ఉంటాయి. చెట్టు నుంచి బొట్టు పడగానే పులవడం మొదలవుతుంది. రసంలో పది శాతం పైన చక్కెర ఉంటుంది కాబట్టి వాటికి పండగే.

కానీ ఏమీ కలపకపోవడం వేరు, ఏమీ చేయకపోవడం వేరు. తాటి పూగెల కొసను పొద్దున, మాపున పలచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, చెక్కడం మానేస్తే కోత మూసుకుపోయి ధార ఆగుతుంది. లొట్టిని వేడినీళ్లతో కడిగి ఎండలో బోర్లించాలి. బద్ధకించి పాత పులుపును అడుగున వదిలేస్తే వెనిగర్ చేసే బ్యాక్టీరియాదే పెత్తనం, చెట్టు దిగేలోపే కల్లు పుల్లబడుతుంది. ఇంకో రకం బ్యాక్టీరియా చేరితే కల్లు జిగటగా, తీగలు సాగుతూ వస్తుంది. మంచి కల్లు, చెడ్డ కల్లు అంటాం గానీ, తేడా చాలావరకు లొట్టి కడిగిన చేతిలోనే ఉంటుంది.

వరంగల్ ఎండ కల్లుకు పెద్ద శత్రువు. వేడి పెరిగేకొద్దీ పులుపు పరుగెత్తుతుంది. జార్జియా దేశంలో ద్రాక్షరసాన్ని భూమిలో పాతిన పెద్ద మట్టి కుండల్లో పులియబెడతారు. ఆ పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. దాని గురించి చదివాక నేను చెట్టు నీడన గుంట తీసి, తడి ఇసుకలో కుండ దించి అందులో పొద్దటి కల్లు పోస్తున్నాను. ఇసుకకు నీళ్లు చల్లుతూ ఉంటే మధ్యాహ్నానికి కూడా తీపి మిగులుతోంది. మా వాళ్లు మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఆ కుండ దగ్గరికే ముందు వస్తున్నారు.

అపోహ: పాలలా తెల్లగా ఉందంటే ఏదో పొడి కలిపినట్టే.

చెట్టు నుంచి వచ్చే రసానికి రంగు ఉండదు. ఆ తెలుపు అందులో తేలే కోట్ల కొద్దీ ఈస్ట్, బ్యాక్టీరియాలది. అంటే తెలుపును చూసి కల్తీ అనలేం. తెల్లగా ఉంది కాబట్టి కల్తీ లేదనీ అనలేం.

అపోహ: తూలిపోకపోతే అది అసలు కల్లు కాదు.

నాకు మంట పుట్టించే మాట ఇదే. తాటికల్లులో ఆల్కహాల్ సాధారణంగా 4 నుంచి 6 శాతం, దాదాపు బీరంత. రెండు గ్లాసులకే మనిషి మైకంలో పడిపోయాడంటే అది తాడిచెట్టు పని కాదు. చెట్లు లేని చోట, చెట్లివ్వగలిగే దానికి మించి కల్లు అమ్మేవాళ్లు నీళ్లలో డయాజెపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు, నిద్ర మందులు కలుపుతారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో మనుషుల ప్రాణాలు పోయింది ఇలాంటి కల్లుకే. దానికి అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. ఫిట్స్ వస్తాయి, చేతులు వణుకుతాయి, పిచ్చిపట్టినట్టు మాట్లాడతారు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్ వైపు ఆస్పత్రులు ఇలాంటి వాళ్లతోనే నిండాయి. మీ ఇంట్లో అట్లాంటి వాళ్లుంటే గదిలో పెట్టి తాళం వేయకండి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

ఇంకొందరు ఇటు చివర నుంచి వస్తారు, "కల్లు మందు కాదన్నా, చల్లదనానికి" అంటారు. మందే. తాగి స్టీరింగ్ పట్టుకుంటే పోలీసు మిషన్ తాటిచెట్టుకు మినహాయింపు ఇవ్వదు. మత్తు వద్దనుకునేవాళ్లకు నీరా ఉంది. పులవకముందే చల్లబరిచిన అదే రసం.

అపోహ: వాటంతట అవే పులిసినవాటిలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ పుట్టి కళ్లు పోతాయి.

మిథనాల్ పండ్ల గుజ్జులో ఉండే పెక్టిన్ నుంచి వస్తుంది, అదీ కొద్దిగానే. తాటిరసంలో పెక్టిన్ ఉందా అంటే లేనట్టే. కళ్లు పోయే, ప్రాణాలు పోయే కేసుల్లో ఎక్కువ భాగం ఫ్యాక్టరీ మిథనాల్‌ను సారాలో కలిపినవి.

అపోహ: కల్లు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయి.

ఈ ఒక్క మాట వల్ల నాకు గిరాకీ పెరుగుతుంది, అయినా చెప్పాల్సిందే. ఆల్కహాల్ రాయిని కరిగించదు. చిన్న రాళ్లు చాలాసార్లు వాటంతట అవే పడిపోతాయి, ఆ వారం తాగిన దానికి పేరొస్తుంది. డాక్టర్లు ఎక్కువగా తాగమనేది నీళ్లు. రిపోర్టు పట్టుకుని నా మండువకు రావద్దు.

మగ తాటిచెట్టు కల్లు ఇవ్వదంటారు కొందరు. ఇస్తుంది. ముంజలే ఇవ్వదు.

అపోహ: పిట్ట, గబ్బిలం ఎంగిలి పడితే కల్లుకు రుచి.

బంగ్లాదేశ్‌లో ఈతరసం మీద గబ్బిలాలు వాలి, ఆ రసం తాగిన మనుషులకు నిపా వైరస్ సోకింది. పులిసిన రసం తాగినవాళ్లకూ సోకింది. కల్లులో ఉన్నపాటి ఆల్కహాల్ వైరస్‌ను చంపుతుందన్న నమ్మకం పెట్టుకోలేం. అక్కడివాళ్లు చెట్టుకు వెదురు తడికలు కట్టడం నేర్చుకున్నారు. నేను రాత్రిపూట లొట్టి మూతి మీద, గెల మీద సన్న వల కడుతున్నాను. మోకు తాడు మీద నిలబడి, నడుముకు కట్టుకున్న పనిముట్ల ముస్తాదు బరువుతో కట్టే ఈ ఒక్క ముడి వల్ల చెట్టు మీద ఆలస్యం అవుతుంది, నిజమే. కందిరీగలు, చీమలు తక్కువ పడటం మాత్రం ఉన్నపళంగా కనిపించిన లాభం.

అపోహ: సీసాలో పోసి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే పులవడం ఆగిపోతుంది.

నెమ్మదిస్తుంది, ఆగదు. గ్యాస్ పుడుతూనే ఉంటుంది. హైదరాబాద్ దాకా తీసుకుపోయేవాళ్లకు నేను సీసా మెడ దాకా నింపను, మూత వదులుగా పెట్టి సీసా నిలబెట్టి పొమ్మంటాను. గాజు సీసా అసలే వద్దు. పగిలితే ముక్కలు ముఖం మీదికే.

అపోహ: పుల్లబడ్డ కల్లు పారబోయాల్సిందే.

గోవాలో కొబ్బరికల్లు వెనిగర్ లేనిదే కొన్ని వంటలు దిగవు. మన దగ్గర తాటికల్లును ఎందుకు పారబోస్తామో నాకు అర్థం కాదు. మిగిలిన కల్లును వెడల్పాటి కుండలో పోసి, పలచటి గుడ్డ కట్టి, నీడన వదిలేస్తున్నాను. ఈ దశలో గాలి కావాలి. గాలి తగలకపోతే వెనిగర్ బ్యాక్టీరియా పని చేయదు. వారాలు గడిచేకొద్దీ ఘాటు దిగి, పైన పొర కడుతుంది. వడకడితే లేత పసుపు వెనిగర్. అమ్మాలంటే ఫుడ్ సేఫ్టీ లైసెన్సు కావాలి. అది చేతికొచ్చేదాకా మా ఇంట్లో ఉల్లిగడ్డ ముక్కలు నానబెట్టడానికే వాడుతున్నాం.