కొప్పుకు అటు చూరు, ఇటు చూరు

భీమిలి దగ్గర మా నాన్నమ్మ వాళ్లది పెంకుటిల్లు. వాన మొదలైతే చాలు, వీధి చూరు కింద ఒక గంగాళం, రెండు బిందెలు పెట్టించేది. పెరటి చూరు నీళ్లు మాత్రం మాకు దక్కేవి కావు. అవి గోడవారగా పారి పక్కవాళ్ల అరటి పాదుల్లోకి పోయేవి. పైకప్పు రెండు వాలులూ కలిసే కొప్పు మీద చినుకు బెత్తెడు ఇటు పడితే మా గంగాళంలోకి, బెత్తెడు అటు పడితే వాళ్ల అరటిచెట్టుకి. ‘పడింది మన ఇంటి మీదే కదరా’ అని నాన్నమ్మ సణుగుతూనే ఉండేది.

నదీ పరీవాహకం అన్న పెద్ద మాటకు అర్థం ఇంతే. ఒక నదిలోకి నీళ్లు జార్చే నేలంతా ఆ నది పరీవాహకం. రెండు పరీవాహకాల మధ్య ఇంటి కొప్పులా ఒక మిట్ట ఉంటుంది. రాష్ట్రాలు విడిపోయినా, జిల్లాలు మూడు ముక్కలైనా ఆ గీత మాత్రం కదలదు.

విశాఖపట్నం వెనకాల అలాంటి కొప్పు ఒకటుంది. మాడుగుల, అనంతగిరి కొండల వరస. దానికి ఇటువైపు పడ్డ వాన గోస్తని, శారద వంటి నదుల్లోకి దిగి గట్టిగా వంద కిలోమీటర్ల చిల్లర నడిచి సముద్రంలో కలిసిపోతుంది. అటువైపు పడ్డ వాన బంగాళాఖాతం చేరాలంటే ఒడిశా మొహం చూసి, గోదావరిలో మునిగి రావాలి. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు మన వీధి చూరు సంగతి.

గోస్తని, శారద, వరాహ, తాండవ. నాలుగూ పొట్టి నదులే. వీటి కింద లెక్కలేనన్ని గెడ్డలు. రాయలసీమ వాళ్లు వంక అనేదాన్ని, మిగతా చాలాచోట్ల వాగు అనేదాన్ని మేం గెడ్డ అంటాం. మేఘాద్రిగెడ్డ, గంభీరంగెడ్డ, నరవ గెడ్డ. గెడ్డకు ఓపిక తక్కువ. కొండ నిటారుగా ఉంటుంది, సముద్రం దగ్గర్లోనే ఉంటుంది, నీళ్లు దించే నేల చిన్నది. పొద్దున్న కుంభవృష్టి పడితే మధ్యాహ్నానికి మెడలోతు పారుతుంది, రెండు రోజులకు మోకాలి లోతుకు దిగిపోతుంది. భూమిలోకి ఇంకే వ్యవధానం ఆ నీటికి దొరకదు. అందుకే వాటికి అడ్డం కట్టలు వేసుకున్నాం. గోస్తని మీద తాటిపూడి, శారద మీద రైవాడ, ఊరి పక్కనే మేఘాద్రిగెడ్డ. పేపర్లో ‘మేఘాద్రిగెడ్డ మట్టం 61 అడుగులు’ అని కనబడితే నిండిందని అర్థం. తాటిపూడికైతే ఆ లెక్క 297.

అడుగులు నీటి ఎత్తు చెబుతాయి గాని ఎన్ని నీళ్లో చెప్పవు. దానికి టీఎంసీ. వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,831 కోట్ల లీటర్లు. ఈ అంకె ఎవరి బుర్రకూ ఎక్కదు. ఇలా చూద్దాం. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది ఇంజినీర్లు పెట్టుకున్న కొలమానం. ఊళ్లో 20 లక్షల మంది ఉన్నారనుకుంటే రోజుకు 27 కోట్ల లీటర్లు. అంటే ఒక టీఎంసీ నూరు రోజుల పైన వస్తుంది. ఏడాది మొత్తానికి మూడున్నర టీఎంసీలు చాలు.

తాటిపూడిలో సుమారు మూడు టీఎంసీలు పడతాయి. రైవాడలో మూడున్నర. మరి కొరత ఎందుకట?

ఎందుకంటే ఆ నీళ్లు ముందు పొలాలకు చెందినవి. వరి ఎకరానికి పంటకాలం మొత్తం మీద, వానతో కలిపి, మీటరుకు పైనే లోతు నీళ్లు కావాలి. 1.2 మీటర్లు వేసుకున్నా దాదాపు 48 లక్షల లీటర్లు. ఊళ్లో దాదాపు వందమందికి ఏడాదికి సరిపోయే నీళ్లవి. రైవాడ నీళ్లు మాకే వదలాలని దేవరాపల్లి, కె.కోటపాడు వైపు రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. మేడమీద కొళాయి తిప్పుకునే నాలాంటివాడు ఆ కోరికను తప్పు పట్టడం బాగుండదు. ఇక ఎండ సంగతి. మన దగ్గర తెరిచి ఉన్న చెరువు నుంచి ఏడాదికి ఒకటిన్నర మీటరు పైనే నీళ్లు ఆవిరైపోతాయి. ముడసర్లోవ జలాశయం మీద 2018లో పరిచిన 2 మెగావాట్ల తేలే సోలార్ పలకల కింద ఆ నష్టం కొంత తగ్గుతుంది. పైపుల్లో కారిపోయేవి వేరే. అన్నిటికన్నా పైన పరిశ్రమలు. ఉక్కు కర్మాగారం దాహం ఈ పొట్టి నదులతో తీరేది కాదు.

మా గోస్తని గొప్పతనం మాత్రం రిజర్వాయర్‌లో లేదు, ఇసుకలో ఉంది. వేసవి సెలవుల్లో నది ఎండిపోయేది. ఎండిపోయిందని మేం అనుకునేవాళ్లం గాని నాన్నమ్మ అనుకునేది కాదు. ఇసుకలో మోచేతి లోతున గుంట తీయించేది. ముందు ఇసుక తడిగా నల్లబడుతుంది. తర్వాత గుంట అంచులు జారిపోతూ అడుగున నీళ్లు ఊరతాయి. మొదట వచ్చిన బురదనీళ్లు చిప్పతో తోడి పారబోస్తే, రెండోసారి ఊరినవి తేటగా, చల్లగా ఉంటాయి. చెలమ. పైన పారడం ఆగిపోయినా నది లోపల నడుస్తూనే ఉంటుంది. ఇసుక రేణువుల మధ్య సందులే దాని దారి. ఆ సందుల్లో మట్టీ మష్టూ చిక్కుకుపోతాయి గనక నీళ్లు వడకట్టుకుని వస్తాయి. నది ఇసుకలో తీసిన ఊటబావులు చేసేదీ ఇదే పని, కాకపోతే పెద్ద ఎత్తున.

ఇసుకలో ఎన్ని నీళ్లు దాగుతాయో చూడండి. చదరపు కిలోమీటరు మేర నాలుగు మీటర్ల మందాన ఇసుక ఉందనుకుందాం. అందులో ఐదో వంతు నీళ్లు తోడుకోగలిగితే 80 కోట్ల లీటర్లు. ఎండకు ఆవిరి కావు, కట్ట అక్కర్లేదు, భూసేకరణ గొడవ లేదు. అలాంటి దాన్ని లారీల్లో ఎత్తి మేడలు కట్టుకున్నాం. ఇసుక పోయినచోట వరద ఆగకుండా వెళ్లిపోతుంది, గట్టు మీద బావులు దిగిపోతాయి, సముద్రం ఒడ్డున ఉప్పునీరు లోపలికి నెడుతుంది. రిజర్వాయర్ పూడిపోతే పేపర్లో వస్తుంది. ఇసుక తరిగితే ఎన్ని టీఎంసీలు పోయాయో రాసినవాడు నాకు కనబడలేదు.

మేఘాద్రిగెడ్డది ఇంకో రకం తలరాత. అది కలిసేది సరాసరి సముద్రంలో కాదు, ఓడరేవు లోపలి నీళ్లలో. ఒకప్పుడు అది ఉప్పుటేరు, పోటుకు మునిగి ఆటుకు తేలే బురదనేల. దాన్ని తవ్వి లోతు చేసి, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున 1933లో రేవు తెరిచారు. మొదట లోపలికి వచ్చిన ఓడ పేరు ‘జలదుర్గ’. విశాఖ తన నదీముఖాన్ని ఓడలకు ఇచ్చేసిందన్నమాట.

ఇప్పుడు పెరటి చూరు. పాడేరు, ముంచంగిపుట్టు వైపు పడ్డ వాన మత్స్యగెడ్డలోకి చేరుతుంది. హుకుంపేట మండలంలో మత్స్యగుండం అని ఒక చోటుంది, అక్కడ చేపల్ని పట్టరు, దణ్ణం పెడతారు. ఈ గెడ్డనే బయటివాళ్లు మాచ్‌ఖండ్ అంటారు. సముద్రానికి వీపు తిప్పి ఒడిశా వైపు నడుస్తుంది. జలాపుట్ దగ్గర 34 టీఎంసీల జలాశయం, దాని నిండు మట్టం సముద్రం కన్నా 2,750 అడుగుల ఎత్తు. దాని కింద డుడుమ జలపాతం. అక్కడ నీళ్లు కిందికి దూకే చోటే మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం. 1955 నుంచి తిరుగుతోంది, సామర్థ్యం 120 మెగావాట్లు. ఇక్కడి నుంచి నది పేరు సీలేరు. బలిమెల దగ్గర రెండు రాష్ట్రాలూ నీళ్లు పంచుకుంటాయి. మన వాటా ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతూ మెట్టు మెట్టుగా దిగుతుంది. ఆపైన శబరి. కూనవరం దగ్గర గోదావరి.

గోదావరి దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మనిషి ఊహకు అందవు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని లక్షల ఘనపుటడుగులు పారాయి. ఇందాక విశాఖ ఇళ్లకు ఏడాదికి మూడున్నర టీఎంసీలు అన్నాం కదా, ఆ వేగంలో అది పదిహేడు నిమిషాల నీరు. అయినా గోదావరి మనది అనడానికి నోరు సాగదు. నాసిక్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చింది. కృష్ణ మహాబలేశ్వరంలో, పెన్న కర్ణాటక నంది కొండల్లో, వంశధార, నాగావళి ఒడిశాలో పుట్టాయి. రాష్ట్రంలోని ఈ అయిదు పెద్ద నదుల్లో ఒక్కటీ మన గడ్డ మీద పుట్టలేదు. కాలువ చివరి శివారు రైతు ఎలాంటివాడో ఆంధ్రప్రదేశ్ అలాంటిది. ఎగువన ఎద్దడి వస్తే చుక్క రాదు, ఎగువన గేట్లెత్తితే ఇల్లు మునుగుతుంది. పుట్టుక నుంచి సముద్రం దాకా మనవే అయిన నదులు, రాష్ట్రాల నీటి తగాదాలు తీర్చే ట్రిబ్యునల్ మెట్లెక్కనివి, గోస్తని, శారద లాంటి పొట్టివే. వాటినే మురుగు కాలువల్లా చూస్తున్నాం.

సరే, విశాఖకు నీళ్లు ఎలా సరిపెట్టారో చెప్పి ముగిస్తాను. ఏలేశ్వరం దగ్గర ఏలేరు మీద 24 టీఎంసీల జలాశయం ఉంది. అక్కడి నుంచి 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువ ఉక్కు కర్మాగారం దగ్గరి కణితి జలాశయం దాకా వస్తుంది. ఏలేరు కూడా వాన మీద బతికే నదే కనక అదీ చాలక, రాజమహేంద్రవరం పక్కన కాతేరు నుంచి గోదావరి నీళ్లు తోడి పైపుల్లో ఈ కాలువకు అందించారు. పోలవరం ఎడమ కాలువ పూర్తయితే విశాఖ తాగునీటికీ పరిశ్రమలకూ 23.44 టీఎంసీలు అనుకున్నారు.

ఇప్పుడు ఆ పాడేరు వైపు చినుకును మళ్లీ చూడండి. విశాఖకు కూతవేటు దూరంలో, కొప్పుకు అటువైపు పడింది. మాచ్‌ఖండ్, సీలేరు, శబరి, గోదావరి చుట్టి, కాతేరులో పంపెక్కి, కాలువలో తేలి విశాఖ చేరింది. దిగేటప్పుడు కరెంటు ఇచ్చింది, ఎక్కేటప్పుడు కరెంటు అడిగింది. నాన్నమ్మ ఉంటే పక్కవాళ్లు ఏటా పంపే అరటి గెల గుర్తు చేసి, ‘అది మన వాన నీళ్లేరా’ అనేది.

కరెంటు అడిగే నీళ్లతో ఒక తంటా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అది అర్థమైంది. స్తంభాలు పడిపోయాయి, పంపులు ఆగాయి, కొళాయిలు బుస్సుమన్నాయి. ఊరంతా తడిసి ముద్దయింది, ఇంట్లో గుక్కెడు నీళ్లు లేవు. మా అపార్ట్‌మెంటుకు చూరు లేదు. డాబా మీద పడ్డ వానంతా ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి సరాసరి కాలువలోకి పోతుంది. మర్నాడు జల్లు పడ్డప్పుడు అయిదంతస్తుల వాళ్లమూ ఆ గొట్టాన్ని మోకాలి ఎత్తున కోసేసి, కింద బకెట్లు పెట్టి వరస కట్టాం.