నాగార్జునసాగర్ నుంచి సీఎస్ఈ దాకా

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చిన ఇంట్లో, కాలేజీలు, బ్రాంచీలు ఎంచుకుంటూ వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు. ముందు పేరున్న కాలేజీల సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కోడ్లన్నీ నింపుతారు. తర్వాత సీఎస్ఈకి కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ తోకలు తగిలించిన కోడ్లు, ఆపైన ఐటీ. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) ఎక్కడో అడుగున ఉంటుంది. సివిల్, మెకానికల్ దాకా చెయ్యి పోనే పోదు. పిల్లలకు వేలంవెర్రి పట్టిందని పెద్దలు తేలిగ్గా అనేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఆ వరుసను పిల్లలకంటే ముందే ప్రభుత్వాలు, కోర్టులు, కంపెనీలు, కాలేజీ యాజమాన్యాలు రాసిపెట్టాయి.

ఇంజనీరింగ్ అంటే మన దగ్గర మొదట నీళ్లు, రోడ్లు, కరెంటు. ఉస్మానియాలో 1929లో ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. కాకినాడ, అనంతపురం కాలేజీల పుట్టుక 1946లో. హైదరాబాద్‌లో 1965లో పెట్టిన కాలేజీకైతే ఏకంగా నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ అనే పేరు పెట్టారు. ఆనకట్ట కడుతున్న కాలంలో చదువుకు ఆనకట్ట పేరే తగినదనిపించింది. కాకినాడ, అనంతపురం, నాగార్జునసాగర్ కాలేజీలు మూడూ కలిసి 1972లో సాంకేతిక విశ్వవిద్యాలయం జేఎన్‌టీయూ అయ్యాయి. అప్పట్లో ఇంజనీరు గారంటే కాలువ గట్టు మీదికి జీపులో వచ్చే మనిషి. ఉద్యోగమిచ్చేది ప్రభుత్వం, కాబట్టి అందరి చూపూ సివిల్ మీదే.

కంప్యూటర్ చదువు వేరే దారిన వచ్చింది. ఐఐటీ కాన్పూర్‌కు 1963లో ఐబీఎం 1620 యంత్రం చేరింది. అక్కడే 1971లో ఎంటెక్, పీహెచ్‌డీ స్థాయిలో కంప్యూటర్ సైన్స్ ప్రత్యేక కోర్సుగా నిలబడింది. 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అన్న మాటకు ప్రాచుర్యం వచ్చింది 1968లో, జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సదస్సుతో. పెద్ద పెద్ద ప్రోగ్రాములు గడువు దాటిపోతున్నాయి, ఖర్చు మించిపోతున్నాయి, తప్పులతో కూలుతున్నాయి. వంతెన కట్టినంత క్రమశిక్షణతో వీటినీ కట్టాలన్నది అక్కడి ఆరాటం. మన బీటెక్‌లో ఆ మాట చాలావరకు ఒక సబ్జెక్టు పేరుగానే మిగిలిపోయింది.

ఇక సీట్ల కథ. విజయవాడలో 1977లో సిద్ధార్థ, హైదరాబాద్‌లో 1979లో చైతన్య భారతి కాలేజీలు ప్రైవేటు రంగంలో వచ్చాయి. వెంటే డొనేషన్లూ వచ్చాయి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం 1983లో చట్టం చేసింది. 1986 నుంచి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్‌కు పాత పేరు) నడిచింది. తీరా 1992లో, ప్రైవేటు కాలేజీలు తమకు నచ్చినట్టు సీట్లు నింపుకునే వీలు కల్పిస్తూ సవరణ తెచ్చారు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1993 ఫిబ్రవరి 4న వచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు ఆ సవరణను నిలబడనివ్వలేదు. పైగా సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంటు అనే పద్ధతిని దేశమంతటికీ విధించింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కన్న మాటా ఆ తీర్పులోనిదే. మన రాష్ట్రపు సీట్ల గొడవ నుంచి అంత పెద్ద హక్కు పుట్టిందని ఎంతమందికి గుర్తుంది? 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ సగం-సగం పద్ధతిని తీసేసింది. ఇప్పుడు నడుస్తున్నది ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపే 70 శాతం కన్వీనర్ కోటా, యాజమాన్యం నింపుకునే 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా.

ఈ తీర్పుల మధ్యలోనే 1998 వచ్చింది. ఆ ఏడాది ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్ మొదలైంది, నవంబరులో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. వైటూకే పనికి, అంటే 2000 సంవత్సరం తేదీని పాత ప్రోగ్రాములు తప్పుగా చదవకుండా సరిచేసే పనికి, మనుషులు చాలక అమెరికా హెచ్1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు, 2001 నాటికి 1,95,000కు పెంచింది. కంపెనీలు బ్రాంచి అడగడం మానేశాయి. మెకానికల్ పట్టా చేతబట్టుకుని అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మూడు నెలలు జావా నేర్చుకున్నవాడు టెకీ అయ్యాడు.

ఏ బ్రాంచికైనా ఉద్యోగం వస్తున్నప్పుడు మిగతా బ్రాంచీలు ఎందుకు ఎండిపోయాయి? ఈ ప్రశ్నకు జవాబు కాలేజీ వెనక షెడ్డులో దొరుకుతుంది. మెకానికల్ పెట్టాలంటే లేత్‌లు కావాలి, వాటికి కాంక్రీటు పునాది కావాలి, హైడ్రాలిక్స్ ల్యాబుకు నీళ్ల ట్యాంకులు, పంపులు కావాలి. అవి తుప్పు పడతాయి, వాటికో మెకానిక్ జీతం ఉంటుంది. సీఎస్ఈకి ఏసీ గదిలో అరవై కంప్యూటర్లు చాలు, ఉదయం ఒక సెక్షను, మధ్యాహ్నం ఇంకో సెక్షను. ఒకే కాలేజీలో రెండు బ్రాంచీలకూ ఫీజు మాత్రం ఒక్కటే. ఏది మూసి ఏది తెరవాలో యాజమాన్యానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పేద పిల్లల ఫీజును ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పూర్తి స్థాయిలో అమలుకు రావడంతో 2008 తర్వాత కాలేజీలు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేచాయి. హైదరాబాద్ చుట్టూ ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మొయినాబాద్ దారుల్లో పొలాల మధ్య అద్దాల భవనాలు వెలిశాయి. ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీల సంఖ్య 700కు చేరింది. వాటిలో ఎన్నో తర్వాత మూతపడ్డాయి. ఆ పథకాన్ని తప్పుపట్టేవారితో నాకు పేచీ ఉంది. కూలికి వెళ్లే ఇళ్ల నుంచి మొదటి ఇంజనీరు వచ్చింది దానివల్లే. తప్పు డబ్బు ఇవ్వడంలో లేదు. ఆ డబ్బుకు ఏం నేర్పుతున్నారో చూడకపోవడంలో ఉంది.

నేర్పే తీరు తెలియాలంటే సి ప్రోగ్రామింగ్ ల్యాబు రికార్డు ఒకటి తెరవండి. ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిలుతో ఫ్లోచార్ట్, స్కేలు పెట్టి గీసింది. కుడివైపు గీతల పేజీలో నీలి సిరాతో ప్రోగ్రాము. చివర అవుట్‌పుట్ కూడా చేత్తోనే, సీనియర్ రికార్డులోని అంకెలతో సహా. ఎర్ర సిరా సంతకం పడితే ఆ వారం పని అయిపోయినట్టే. ఆ ప్రోగ్రాము నడిచిందా, నడవకపోతే ఎక్కడ ఆగింది అని అడిగే తీరిక అరవై మందిని చూసుకునే ఒక్క అధ్యాపకుడికి ఉండదు. తప్పును వెతికి పట్టుకోవడమే ఈ వృత్తిలో సగం పని. ఆ సగం రికార్డులోకి ఎక్కదు.

2024-25 నుంచి, మంచి పనితీరు ఉన్న కాలేజీలకు సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎత్తేసింది. నగరం చుట్టుపక్కల పెద్ద కాలేజీలు సీఎస్ఈ సెక్షన్లు పెంచుకుంటుంటే జిల్లాల్లోని చిన్న కాలేజీలు ఖాళీ అవుతున్నాయి. కొత్త సెక్షనుకు కంప్యూటర్లు వేసవి సెలవుల్లోనే దిగిపోతాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పడానికి వచ్చేది మాత్రం చాలాచోట్ల నిరుడు ఎంటెక్ పూర్తిచేసి, కంపెనీ ఆఫర్ కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడు. ఆఫర్ వస్తే సెమిస్టర్ మధ్యలోనే వెళ్లిపోతాడు.